సీసపు గుండు – రబ్బరు అచ్చు

సీసమనగానే మన విద్యార్థులకు ముందుగా స్ఫురించునది పద్యము. దీర్ఘములగు నాలుగు పాదములును, వాని దిగువ నొక తేటగీతియో ఆటవెలదియో గల యా సీసమును గుఱించి తెలుగు పండితులు తరగతిలో చెప్పుచునే యున్నారు. మేమిచ్చట ముచ్చటింపబోవునది లోహమగు సీసము. దీనికి సంస్కృతమున నాగమని పేరు. పద్యమును నోటికి వచ్చునట్లు వల్లించుట మేలు. లోహమును నోటికి దూరముగ నుంచుట మేలు. ఈ రెండవ మాట యెందులకు చెప్పితిమో వ్యాసము ముగియునప్పటికి తేటపడగలదు.

పాతబస్తీకి నైరుతి దిక్కున మీర్ ఆలం చెఱువు కలదు. హైదరాబాదు రాజ్యమునకు దివానుగ నుండిన మీర్ ఆలం పేరట పందొమ్మిదవ శతాబ్దారంభమున నిర్మింపబడిన యీ చెఱువు కట్ట ఇరువదియొక్క కమానులను ప్రక్కప్రక్కల నిలిపినట్లుండును. ఇట్టి చెఱువుల గట్టులపై గాలము వేయువారిని మనలో చూడనివా రుండరు. గాలమునకు ముఖ్యాంగములు నాలుగు: దారము, బెండు, కొక్కెము, గుండు. బెండు తేలును, గుండు మునుగును. పైకి లాగునదియు క్రిందికి లాగునదియు నుండుటచేతనే కొక్కెము నీటిలో కోరిన లోతున నిలుచును. గంగపుత్రులును ముదిరాజులును వాడు విసురు వలకు నంచు పొడవునను చిన్న గుండ్లుండును. అవి లేనిచో వల నీటిపై గుడ్డవలె పఱచుకొనునే కాని చేపలను క్రమ్ముకొని దిగదు. కొందఱు కొక్కెపు మెడవద్దనే సీసమును పోసి, గుండును కొక్కెమును నొక్కటిగ చేయుదురు. దీనిని జిగ్గు అందురు. దారము కుదిపినప్పుడు జిగ్గు ఎగిరి పడుచు, ప్రాణము గల చిఱుచేపవలె కనబడి పెద్ద చేపను మోసగించును. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగ నెన్నుకొనబడిన కొరమీను వేటాడి తిను జాతిది; కదలు నెరను చూచి దుముకును.

ఈ గుండ్లను జిగ్గులను ఇంటివద్దనే పోసికొనుట ఎట్లని మా విద్యార్థు లనేకులు మమ్ము ప్రశ్నించుచున్నారు. సిలికోను రబ్బరు నేడు అంగడిలో డబ్బాలతో దొరకుటచే అచ్చు చేయుట సులభమైనది. అయినను అచ్చు చేయుట వేఱు, దానిలో సీసము పోయుట వేఱు. మొదటిది పిల్లలు నేర్వదగిన చక్కని విద్య. రెండవదానిని గుఱించి పెద్దలు కూడ నాలోచింపవలసియున్నది.

సీసమే యేల?

గుండునకు కావలసిన గుణము తక్కువ పరిమాణమున ఎక్కువ బరువు. ఒక ఘన సెంటీమీటరు సీసము 11.34 గ్రాములు తూగును. అంతే యినుము 7.87 గ్రాములు, తగరము 7.29 గ్రాములు, యశదము 7.14 గ్రాములు. మన నల్లఱాయి రెండున్నర, మూడు గ్రాముల నడుమ నుండును. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికయగునని ఆర్కిమిడీసు సూత్రము. మూడు ఘన సెంటీమీటర్ల గుండును తీసికొందము. సీసపుదైనచో గాలిలో 34 గ్రాములు, నీటిలో 31 గ్రాములు. ఱాతిదైనచో గాలిలో 8 గ్రాములు, నీటిలో 5 గ్రాములు మాత్రమే. ఱాయి తన బరువులో మూడవ వంతునకు మించి పోగొట్టుకొనగా, సీసము పదునొకండవ వంతునే పోగొట్టుకొన్నది.

రెండవ గుణము కరగుట. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగును. యశదమునకు 419, రాగికి 1085, ఇనుమునకు 1538 డిగ్రీలు కావలెను. వంటపొయ్యిపై గరిటెలో కరగు లోహములు సీసము, తగరము మాత్రమే యనవచ్చును. మూడవది మెత్తదనము, గోటితో గీచినను గీత పడును. ఈ మూడు గుణములచేత వేల యేండ్లనుండి మనుష్యుడు దీనిని వాడుచున్నాడు. అందుననే దాని చెఱుపును చిరకాలము లెక్కసేయక యుండెను.

మన నగరమున అచ్చు విద్య

అచ్చును మన నగరవాసులు సాంచా యందురు. మూసీనది కావల గన్‌ఫౌండ్రీ యను పేట కలదు. దానికి తోప్ కా సాంచా యని పాత పేరు, అనగా ఫిరంగి అచ్చు. నిజాం అలీఖానుని కొలువున నుండి 1798లో మరణించిన రేమండు అను ఫ్రెంచి సేనాని కాలమున అచ్చట ఫిరంగులు పోయబడుచుండెడివి. అచ్చులు పగిలిపోయినను వాని పేరు మాత్రము నేటికిని బస్సుల పలకలపై నిలిచియున్నది.

ఫిరంగి కంటె సుకుమారమైన పోత పని బిద్రీ. 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున నుండి నేడు కర్ణాటకమున చేరియున్న బీదరు దీని పుట్టినిల్లు. పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియమున బిద్రీ హుక్కా కుదుళ్లును, పాన్‌దానులును, సురాహీలును పెక్కులు కలవు. పదునాఱు పాళ్లు యశదమునకు ఒక పాలు రాగి చేర్చి కరగించి, మట్టి యచ్చులో పోయుదురు. ఆ మట్టికి ఆముదమును గుగ్గిలమును కలిపి మర్దింతురు. నీటికి బదులు ఆముదమేల? ఇచ్చటనే శాస్త్రమున్నది. నీటితో కలిపిన మట్టి తడిగ నుండగ దానిపై 419 డిగ్రీలకు మించిన వేడిగల లోహము పడెనా, నీరు తటాలున ఆవిరియగును. ఆవిరియైన నీరు తన మొదటి పరిమాణమునకు సుమారు 1,700 రెట్లు పెరుగును. ఆ విజృంభణమునకు లోహము చిమ్మి పోయువాని ముఖముపై పడును. ఆముదమును గుగ్గిలమును మట్టిని పట్టి యుంచును గాని నీటివలె ప్రేలవు. ఈ సూత్రమును పుస్తకములు వ్రాయుటకు చాల ముందే బిద్రీ పనివారు చేతి యనుభవమున నెఱిగియుండిరి.

అయితే బిద్రీ యచ్చు ఒక్క పోతకే. వస్తువు వెలికి తీయుటకు దానిని పగులగొట్టవలెను. ఒకేరీతి గుండ్లు ఏబదియో నూఱో కావలసినవానికి మరల మరల నక్కఱకు వచ్చు అచ్చు కావలెను. ఇంతవఱకు దానిని ఱాతిలో చెక్కుచు, లోహమున మలచుచు వచ్చిరి. అవి నిపుణుల పనులు. సిలికోను రబ్బరు ఆ పనిని సామాన్యుల చేతికి దించినది.

సిలికోను అన నేమి?

చెట్టుపాలనుండి వచ్చు రబ్బరునకు వెన్నెముక కర్బన పరమాణువుల గొలుసు. అది వేడికి త్వరలో జిగటవాఱి మాడిపోవును. సిలికోను రబ్బరు వెన్నెముక అట్టిది కాదు. సిలికను పరమాణువొకటి, ప్రాణవాయు పరమాణువొకటి మార్చి మార్చి కూర్చిన గొలుసు అది. ఇసుకలో నుండు బంధమును ఇదియే. ఇసుక వేడికి చెక్కుచెదరకుండుట కేది కారణమో, ఈ రబ్బరు తాళుటకును అదియే కారణము. కావున బిద్రీవాని మట్టి యచ్చునకు నేటి రబ్బరు అచ్చు దూరపు చుట్టమే. ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లాండులోని నాటింగుహామున ఫ్రెడరిక్ కిప్పింగు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ జాతి పదార్థములకు సిలికోనులని పేరిడెను. అమెరికాలో 1943లో స్థాపింపబడిన డౌ కార్నింగు సంస్థ వానిని వర్తక సరకులుగ చేసినది.

దీని యోర్పునకును మేర కలదు. సామాన్యపు సిలికోను రబ్బరు 200 మొదలు 250 డిగ్రీల వఱకు తాళును. లోహపు పోతకొఱకే చేసిన రకములు కొంతసేపు 300 డిగ్రీల ప్రాంతము వఱకు తాళును. డబ్బాపై నీ సంఖ్య వ్రాసియుండును, చదువక కొనరాదు. సీసము కరగుటకే 327 డిగ్రీలు కావలె గదా! అందుచే సీసము పోసిన ప్రతిసారియు అచ్చు తన మేర మీఱి శ్రమపడుచు, క్రమముగ అంచులు పెళుసెక్కి చీలును. 232 డిగ్రీలకే కరగు తగరము దీనికి తగిన జోడు.

అచ్చు చేయు విధము

కావలసినవి: నమూనా గుండు ఒకటి, గంధకము లేని బంకమన్ను, అట్టపెట్టె, రెండు భాగముల సిలికోను, త్రాసు, కొంచెము వాజెలీను, కలుపుటకు పుల్ల. గంధకము తగిలినచో సిలికోనులో కొన్ని రకములు గట్టిపడక జిగురుగనే నిలిచిపోవును. అందుకే మన్నును గుఱించి యింత జాగ్రత్త.

మొదట నమూనాను మైనముతోనో కొయ్యతోనో నునుపుగ చేయవలెను. దానిపై గల గీతలన్నియు అచ్చులోనికి, అచ్చునుండి ప్రతి గుండుపైకి వచ్చును. గుఱువు తప్పు వ్రాసిన యక్షరమును తరగతి యంతయు దిద్దినట్లు, నమూనాలోని లోపము నూఱు గుండ్లలో కనబడును.

పెట్టె యడుగున బంకమన్ను పఱచి నమూనాను సరిగా నడిమి వఱకు పూడ్చవలెను. జిగ్గునకైనచో కొక్కెపు కాడ కూడ సగము మునుగవలెను. మట్టి యంచు నమూనాను సందు లేక తాకవలెను. సందున్నచో రబ్బరు దూఱి అంచు చెడును. పిమ్మట మట్టిపై నాలుగు మూలల వ్రేలి కొనతో చిన్న గుంటలు చేయవలెను. ఈ గుంటలలో నిండిన రబ్బరు బొడిపెలై, రెండు చెక్కలును ఎల్లప్పుడు ఒకేచోట కూర్చుండుటకు తోడ్పడును. నమూనాకును పెట్టె గోడలకును నడుమ అరయంగుళమునకు తక్కువ కాని యెడముండవలెను.

సిలికోను రెండు భాగములను డబ్బాపై చెప్పిన పాళ్లలో తూచి నెమ్మదిగ కలుపవలెను. కవ్వముతో చిలికినట్లు కలిపినచో గాలి బుడగలు చేరును. పోయునప్పుడు ఒక మూలనుండి సన్నని ధారగ పోయుచు, అది తానై ప్రాకి నమూనాను కప్పునట్లు చేయవలెను. తేనె పోయువారి యోపిక యిచ్చట కావలెను. ఒక రాత్రి కదపక యుంచినచో గట్టిపడును.

మఱునాడు పెట్టెను తలక్రిందులు చేసి మట్టిని తీసివేసి, నమూనాను రబ్బరులోనే యుండనీయవలెను. కనబడు రబ్బరు ముఖమంతట వాజెలీను పలుచగ పూయవలెను. సిలికోను తక్కిన వస్తువుల నంటుకొనదు గాని తన జాతినే గట్టిగ పట్టుకొనును; ఈ పూత మఱచినచో రెండు చెక్కలు నొకటే ముద్దయగును. అప్పుడు రెండవ చెక్కను మొదటి దానివలెనే పోయవలెను.

ఇది గట్టిపడిన పిదప చెక్కలను విడదీసి నమూనాను తీసి, వాడి కత్తితో రెండు దారులు కోయవలెను. ఒకటి లోహము దిగు దారి. పైన వెడల్పుగ, లోపల నిఱుకుగ గరాటవలె నుండవలెను. రెండవది గాలి పోవు దారి. వెంట్రుక మందమైన చాలును. గాలికి దారి లేనిచో లోహము మూలలకు పోజాలదు, గుండు కుంటిదగును. చివర లోపలి ముఖమున సన్నని బలపపు పొడి చల్లి దులిపినచో లోహము సుఖముగ ప్రాకును. రెండు చెక్కలను రెండు పలకల నడుమ నుంచి రబ్బరు పట్టీలతో బిగించిన అచ్చు సిద్ధము.

ఈ యచ్చును పిల్లలు మైనముతోను, ప్లాస్టరు ఆఫ్ పారిసుతోను నింపి చూడవచ్చును. అచ్చు మంచిదో కాదో ఆ పోతలే చెప్పును. ప్లాస్టరు పోసిన యచ్చును మాత్రము పూర్తిగ ఆఱబెట్టక లోహమునకు వాడరాదు. లోహము పోయుట పెద్దల పని. ఆ పని బయట, గాలి వీచుచోట, కన్నులకు అద్దములు, చేతులకు తోలు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసికొని చేయవలెను. దరిని నీటిపాత్ర యుండరాదు. వేడి లోహముపై ఒక్క చెమట బొట్టు పడినను ఏమగునో పైన చెప్పితిమి.

సీసపు చెఱుపు

ఇప్పుడు మొదట దాచిన మాటకు వత్తము. సీసము శరీరమున కేవిధముగను పనికిరానిది. లోనికి పోయినదానిని శరీరము సున్నపు ధాతువని భ్రమించి యెముకలలో దాచుకొని, యేండ్ల తరబడి మెల్లమెల్లగ రక్తములోనికి వదలుచుండును. పెద్దవారికంటె చిన్నపిల్లలు దీనిని నాలుగైదు రెట్లెక్కువగ పీల్చుకొందురు. పెరుగుచున్న మెదడును ఇది దెబ్బతీయును. బుద్ధి మందగించును, చదువున మనసు నిలువదు, రక్తహీనత కలుగును. ఇంతైన నపాయము లేదని చెప్పదగిన మోతాదేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. ప్రపంచమున ముగ్గురు పిల్లలలో నొకరి రక్తమున డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములో అంతకు మించియో సీసమున్నదని 2020లో యూనిసెఫ్ ప్రకటించినది. వారి సంఖ్య 80 కోట్ల వఱకు నుండును.

ఇది యేవిధముగ లోనికి పోవును? కరగిన సీసమునుండి వచ్చు పొగ యొక్కటే కారణమని పలువురు తలంతురు. సీసము మఱగుటకు 1,749 డిగ్రీలు కావలెను గనుక పొయ్యిపై నావిరి కొంచెమే. అధికమైన యపాయము పైన తేలు బూడిదవంటి మడ్డిలో నున్నది. దానిని తీసి పాఱవేయునప్పుడు లేచిన దుమ్ము నేలపై, దుప్పటిపై, పిండిడబ్బాపై వ్రాలును. ప్రాకు బిడ్డ నేలను తాకిన చేతిని నోట పెట్టుకొనును. పాతబస్తీ గల్లీలలో ఒకే గది వంటయిల్లు, పడకయిల్లు, పనిచోటునైన కుటుంబములు పెక్కులు గలవు. అట్టి యింట వంట గరిటెతో సీసము కరగించిన తండ్రి చేపను తెచ్చినను, చేపతోపాటు మఱియొక దానిని కూడ ఇంటికి తెచ్చినవాడగును.

పాత బ్యాటరీ పలకలను పగులగొట్టి కరగించుట మఱింత ఘోరము. వానిలో గంధకామ్లమును, సీసపు లవణముల పొడియు నుండును. వాడిన బ్యాటరీలు నమోదైన కర్మాగారములకే చేరునట్లు చూడవలెనని 2022 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు శాసించుచున్నవి. దుకాణదారునికి తిరిగి యిచ్చుటయే గృహస్థునకు సులభమార్గము. మఱియొక మాట: కొన్ని సుర్మాలలో సీసపు ఖనిజమే యుండును. పసిపిల్లల కన్నులకు తీర్చునట్టి సుర్మా దేనితో చేసినదో తెలియనిచో దానిని మానుటయే తల్లులకు క్షేమము.

చెఱుపు మనుష్యులతో ఆగదు. పక్షులు తిండిని నూఱుకొనుటకు చిన్న ఱాళ్లను మ్రింగి కందనకాయలో నుంచుకొనును. చెఱువడుగున తెగిపడిన సీసపు గుండును ఱాయియనుకొని మ్రింగిన పక్షికి ఆ ఱాయియే విషమగును. ఇంగ్లాండులో హంసలిట్లు చచ్చుచుండుట గమనించి 1987లో చిన్న సీసపు గుండ్ల విక్రయమును నిషేధించిరి. మన దేశమున పెట్రోలులో సీసము కలుపుట 2000లో మానిరి. తెలిసిన పిమ్మట మానుట సాధ్యమేయని ఈ రెండును సాక్ష్యమిచ్చుచున్నవి.

మఱి గుండు దేనితో?

తగరముతో. దీనికి సంస్కృతమున వంగమని పేరు. ఇది క్రొత్తది కాదు. మన యిత్తడి పాత్రలకు లోపల తెల్లని పూత పూయు కళాయివాని సంచిలో నుండునదియే. 232 డిగ్రీలకే కరగును, రబ్బరు అచ్చును చెఱుపదు. బరువు తక్కువయను లోపము నిజమే. మూడు ఘన సెంటీమీటర్ల యచ్చులో సీసము 34 గ్రాములు పట్టగా తగరము 22 గ్రాములు పట్టును. అందుచే నమూనాను ఒకటిన్నర రెట్లు పెద్దదిగ చేసికొనవలెను. వెల కూడ నెక్కువ. ఇంతకంటె తక్కువ వేడితో పని కావలెననిన, నూటికి 58 పాళ్లు బిస్మతు, 42 పాళ్లు తగరము కలిపిన మిశ్రమము 138 డిగ్రీలకే కరగును. తగరముకంటె బరువైనది కూడ. వెలకు వెఱచువారు గుండ్రని యినుప నట్టును దారమునకు కట్టిన చాలును. చేప గుండును చూచి రాదు, ఎరను చూచి వచ్చును.

తగరము కొనునప్పుడు పరీక్ష చేయవలెను. అతుకులకు వాడు టంకములో సీసము తఱచుగ కలిసియుండును. శుద్ధ తగరపు కడ్డీని వంచినచో కిఱ్ఱుమని చప్పుడగును. అంతకంటె నమ్మదగినది ఆర్కిమిడీసు పరీక్ష. గాలిలో 73 గ్రాములు తూగు ముక్కను దారమున కట్టి నీటిలో ముంచి తూచినప్పుడు 10 గ్రాములు తగ్గినచో శుద్ధమైనది. ఎనిమిదిన్నర గ్రాములే తగ్గినచో సీసము కలిసినదని యనుమానించి విడువవలెను. భౌతికశాస్త్ర పుస్తకములో చదివిన సూత్రము ఇంటిలోని తమ్ముని, చెల్లెలిని కాపాడు సాధనమగుట ఇట్లు.

ఇంతకుముందే యింట సీసపు పని చేసినవారు భయపడి దాచుకొననక్కఱలేదు. నేలను ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. పని బట్టలను వేఱుగ నుదుకవలెను. పిల్లల చేతులను భోజనమునకు ముందు సబ్బుతో కడుగవలెను. పాలు, ఆకుకూరలు, పప్పులు మొదలగు సున్నము, ఇనుము గల యాహారము సీసము రక్తమున చేరుటను కొంత తగ్గించును. బిడ్డకు కడుపునొప్పి, మందత్వము, పాలిపోవుట కనబడినచో వైద్యునితో సీసపు సంగతి విడమరచి చెప్పి రక్తపరీక్ష కోరవలెను. చెప్పనిదే వైద్యునకు తోచుట కష్టము.

అభ్యాసములు

1. ఒక అచ్చులో సీసపు గుండు 17 గ్రాములు తూగును. అదే యచ్చులో తగరపు గుండు ఎన్ని గ్రాములు తూగును? ఆ రెండును నీటిలో నెంత తూగును?

2. ఒక లోహపు ముక్క గాలిలో 51 గ్రాములు, నీటిలో 45 గ్రాములు తూగినది. అది శుద్ధ తగరమా? కారణము వ్రాయుడు.

3. అచ్చులో 0.05 ఘన సెంటీమీటరు నీరు నిలిచియున్నది. అది ఆవిరియైనచో ఎంత చోటాక్రమించును? ఆ చోటు అచ్చులో కలదా?

4. సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయినప్పుడు బిద్రీ పాత్ర నొకదానిని పరిశీలించి, దానిని పోయుటకు అచ్చు నెన్ని భాగములుగ చేయవలసియుండునో బొమ్మ గీచి చూపుడు.

మూడవ లెక్కను ఇంటివద్ద తండ్రిగారి యెదుటనో అన్నగారి యెదుటనో చేసి చూపుడని మా ప్రత్యేకమైన కోరిక. గరిటె చేతబట్టిన పెద్దవారు మన మాటను వినకపోవచ్చును గాని లెక్కను కాదనలేరు.